చార్టులో లేని స్టాపు

ఆ వేసవిలో మా ఆవిడ పరీక్షలన్నీ పాసయింది. ఐదుసార్లు ఇచ్చింది, ఐదుసార్లూ పాసే. ల్యాబు కిటికీలోంచి కాగితం బయటికి తోసేవాడు ప్రతిసారీ ఒకే మాట అనేవాడు, "ఏమీ లేదమ్మా, క్లీన్" అని. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చేది. ఆమె మొహం మాత్రం ఫెయిలైన పిల్ల మొహంలా వాడిపోయేది. జబ్బు లేదంటే కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

ఒంటికి వెళ్తే మంట. వెళ్ళకపోతే పొత్తికడుపులో పోటు. వెళ్ళొచ్చిన పది నిమిషాలకే మళ్ళీ వెళ్ళాలనిపించడం. ఇదీ ఆమె బాధ. డిపో దగ్గరున్న డాక్టరు మూడు కోర్సులు మందులిచ్చాడు. మొదటిదానికి తగ్గినట్టే అనిపించింది. రెండోదానికి తగ్గలేదు. మూడోదానికి కడుపు పాడైంది, మంట మంటలాగే ఉంది. ఐదో రిపోర్టు చూసి ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"అమ్మా, ఇందులో సూది మొనంత పురుగు కూడా లేదు. లేని రోగానికి మందెక్కడ తెమ్మంటారు? మనసుకు ఎక్కించుకోకండి." తర్వాత నావైపు తిరిగి, "ఇంట్లో ఏమైనా గొడవలా?" అన్నాడు.

"గొడవలకు తీరికెక్కడిదండీ, ఇద్దరిదీ ఒకే బండి మీద డ్యూటీ" అన్నాను.

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. మేమిద్దరం నవ్వుకుంటుంటే ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది.

నేను బస్సు డ్రైవర్ని. ఆమె అదే బస్సులో కండక్టరు. పిల్లలు లేరు మాకు. ఒకే బండి మీద వెయ్యమని ఇద్దరం కలిసి వెళ్ళి అడిగితే డిపో మేనేజరు పైవాళ్ళతో మాట్లాడి వేయించాడు. డిపోలో మా బస్సుని కాపురం బండి అనేవాళ్ళు. నాకు పెట్టిన పేరు గడియారం. ఆ వేసవి దాకా పందొమ్మిదేళ్ళలో ఒక్కరోజు లేటు లేదు. ఆ పేరంటే నాకు ఎంత ఇష్టమో మా ఆవిడకు తెలుసు. యూనిఫాం ఇస్త్రీ చేసిచ్చేటప్పుడు "తొడుక్కోండి గడియారంగారూ, కీ ఇవ్వాలా?" అనేది.

టౌను నుంచి సిమెంటు ఫ్యాక్టరీ దాకా మా రూటు. మూడు గంటల పైన పది నిమిషాలు. సగం దారిలో చెక్క గదిలో టైమ్ కీపర్ ఉంటాడు. బండి ఎప్పుడొచ్చిందో స్లిప్పు మీద రాసి సంతకం పెడతాడు. ఆడవాళ్ళు వెళ్ళడానికి ఈ చివర ఒక గది, ఆ చివర ఒక గది. మధ్యలో ఏమీ లేదు. మగవాళ్ళకి దారి పొడుగునా ఉంది.

ఒక్క బెల్లు కొడితే ఆపాలి, రెండు కొడితే కదలాలి. మూడు బెల్లులనేది రూల్లో లేదు. ఆ వేసవి మొదట్లో ఆమె పెట్టిన రూలు అది.

"మూడు కొడితే నాకోసమని. పెట్రోలు బంకో, తెలిసినవాళ్ళ ఇల్లో చూసి ఆపండి. ఇది మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియక్కర్లేదు" అంది.

మూడో వారానికల్లా బస్సంతటికీ తెలిసింది.

నా సీటు వెనకాల రోజూ బట్టల కొట్టాయన కూర్చునేవాడు. పాస్ ఉంది కాబట్టి బస్సు తనదే అన్నట్టు కాళ్ళు బార్లా చాపేవాడు. ఒకరోజు ఆమె దిగి బంకు వెనక్కి వెళ్ళగానే ముందుకు వంగాడు.

"ఏం బావా, ఇవాళ్టికిది రెండోదా?"

నేను పక్క అద్దం సర్దుకున్నాను.

"చార్టులో లేని స్టాపులు పెరిగిపోతున్నాయే. ఇంతకీ బండి తోలేది నువ్వా, చెల్లెమ్మా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. దాంతో ఆయనకు ఊపొచ్చింది.

"ఇంట్లో కూడా అంతేనా? ఆవిడ బెల్లు కొడితేనే ఆగడం, ఆవిడ బెల్లు కొడితేనే కదలడం?"

మగాళ్ళంతా ఘొల్లుమన్నారు. నేనూ పళ్ళు బయటపెట్టాను. ఆ పళ్ళు రాలగొట్టుకోవాల్సింది. అప్పటికే ఆమె మెట్టెక్కుతోంది. ఒకప్పుడైతే ఊరుకునేది కాదు. అంతకు ముందు ఏడాది అదే మనిషి ఏదో కూస్తే, "మీ కొట్లో బట్ట మొదటి ఉతుక్కే రంగు వదుల్తుంది, మీరు మొదటి మాటకే వదుల్తారు" అని బస్సంతా వినబడేలా అంది. ఆయన వారం రోజులు వెనక సీట్లో కూర్చున్నాడు. ఈసారి ఆమె తల వంచుకుని, రాడ్డు పట్టుకుని వెనక్కి నడిచింది. రెండు బెల్లులు కొట్టింది.

ఆరోజు టైమ్ కీపర్ కిటికీలోంచి మెడ బయటికి పెట్టి చూశాడు. "గడియారం పదకొండు నిమిషాలు లేటా? ఉండు, చేతులు కడుక్కొచ్చి రాస్తాను" అన్నాడు. పెన్ను మూత తియ్యడానికి వాడికి అంతసేపు పట్టడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు మేనేజరు పిలిచాడు. కూర్చోమనలేదు.

"మొగుడూ పెళ్ళాలని ఒకే బండి మీద వేసింది మీ ముచ్చట తీరుతుందని. ప్రయాణికుల టైము తినడానికి కాదు. నెలలో ఆరు లేట్లు. ఆవిడకు బాగోలేకపోతే సెలవు పెట్టమను, సర్టిఫికెట్ తెమ్మను."

"ఏ డాక్టరూ ఇవ్వట్లేదండీ. రిపోర్టులో ఏమీ లేదట."

"ఏమీ లేకపోతే మరి బండెందుకు ఆగుతోంది?"

"ఇకమీదట లేటవ్వదండీ" అన్నాను. ఆయన ప్రశ్నని ఇంటికి మోసుకొచ్చాను.

డిపోలో ఇంకొక డ్రైవరున్నాడు, నాకంటే పదేళ్ళు పెద్ద. ఆయన పేరు నత్త. ఏ రూటు మీద వేసినా లేటే. ఆయనకొచ్చిన మెమోలన్నీ కలిపి కుడితే పరుపవుతుందని మా జోకు. ఆ సాయంత్రం కుళాయి దగ్గర మొహం కడుక్కుంటుంటే పక్కకొచ్చి నిలబడ్డాడు.

"తమ్ముడూ, అమ్మాయి మొహం ఏం బాగోలేదు. కాస్త పెద్ద డాక్టరుకి చూపించు."

"చూపించాం అన్నయ్యా. ఐదు రిపోర్టులు, ఐదూ నార్మలే."

"నేను రిపోర్టు మొహం గురించి అడగలేదు" అన్నాడు.

తన బండి టైముకి తోలుకోలేనివాడు నాకు చెప్పొచ్చాడనుకున్నాను.

ఆ ఆదివారం మాకు సెలవు. మధ్యాహ్నం ఆమె వంటింటి గచ్చు మీద వెల్లకిలా పడుకుని, పొత్తికడుపు మీద వేడినీళ్ళ సీసా పెట్టుకుంది. ఎండ మండిపోతోంది, ఆమెకు వేడినీళ్ళ సీసా. నేను గుమ్మంలో కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాను. ఇరవై ఏళ్ళు ఇంజన్లతో కాపురం చేసినవాణ్ణి. నాకు తెలిసిన తర్కమే నాకొచ్చింది.

"ఒకటి చెప్తాను విను. ట్యాంకులో ఉంటేనే కదా కారేది. డ్యూటీకి ముందు నీళ్ళు తాగకు. దార్లోనూ తాగకు. అప్పుడిక ఆగే పనే ఉండదు."

"ఈ ఎండలోనా? నోరు పిడచకట్టుకుపోతుందండీ. మూడు గంటలు అరవాలి నేను."

"తడుపుకో. మింగకు."

ఆమె సీసా మూత ఇంకాస్త బిగించుకుంది.

"మీరు నమ్మట్లేదు కదూ?"

"దేన్ని?"

"నొప్పిని."

"నేను నమ్మకపోవడమేంటి? కాగితం చెప్తోంది."

"కాగితానికి పొత్తికడుపు లేదు కదండీ" అంది. నవ్వబోయింది గానీ పోటు వచ్చి మధ్యలోనే ఆగిపోయింది. సీసాను అటుది ఇటు జరుపుకుంది. "సరే, మీరు చెప్పినట్టే చేస్తాను. ఎంతవరకు ఓర్చుకోగలనో అంతవరకు ఓర్చుకుంటాను. అప్పుడు కూడా మూడు కొట్టానంటే, ఇక నావల్ల కాదని. ఆ ఒక్కసారి మాత్రం ఆపండి."

"ఆపకుండా ఎలా ఉంటాను" అన్నాను.

బూట్లు ఆరోజు బాగా మెరిశాయి.

చెప్పినట్టే చేసింది. ఇంట్లోంచి తెచ్చుకునే నీళ్ళ సీసా తేవడం మానేసింది. మొదటి రెండు రోజులూ ఒక్క స్టాపు లేదు. "చూశావా?" అన్నాను. ఆమె ఊఁ అంది. పెదాలు పగిలి పొట్టు లేచాయి. "టికెట్, టికెట్" అని అరిచే గొంతు ఎండుకొబ్బరి కోరినట్టు గరగరలాడింది. నేను అద్దంలో చూసేది వెనకొచ్చే లారీలని. నాలుగో రోజు నుంచి ఆమె సీట్లో కూర్చోవడం మానేసింది. కూర్చుంటే పోటు ఎక్కువని. రాడ్డు పట్టుకుని, ఒక కాలు మీదినుంచి ఇంకో కాలు మీదికి మారుతూ నిలబడేది. సాయంత్రం ఇంటికి రాగానే స్నానాలగదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. లోపల కుళాయి పూర్తిగా తిప్పేది. ఆ నీళ్ళ చప్పుడు దేనికో నాకు తెలుసు. తెలియనట్టు పేపరు చదివేవాణ్ణి.

పదిరోజులు గడిచాయి. లేటు లేదు. బట్టల కొట్టాయనకు మాట్లాడటానికి ఏమీ దొరక్క నిద్రపోయేవాడు.

పదకొండో రోజు మధ్యాహ్నం ట్రిప్పు. టౌన్లో బస్తాలెక్కించేసరికే ఏడు నిమిషాలు పోయాయి. బండి కిక్కిరిసింది. తారు కరిగి చక్రాలకు అంటుకునేంత ఎండ. టైమ్ కీపర్ గది ఇంకా ముప్పావుగంట ఉంది. నేను తొక్కుతూనే ఉన్నాను. ఏడు నిమిషాల్లో నాలుగు లాగేశాను. ఇంకో మూడు.

పెట్రోలు బంకు బోర్డు కనబడుతుండగా మూడు బెల్లులు వినబడ్డాయి.

నా కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. వెళ్ళలేదని చెప్పను. వెనకాల బట్టల కొట్టాయన నిద్రలోంచి లేచి ఆవలించాడు.

"వచ్చింది బావా, నీకు పిలుపు" అన్నాడు.

నేను కాలు తీసేశాను.

బంకు ఎడమవైపునుంచి వెళ్ళిపోయింది. పైపు పట్టుకున్నవాడు మాకు అలవాటుగా చెయ్యెత్తి, మేం ఆగకపోవడం చూసి దించేశాడు. మళ్ళీ మూడు బెల్లులు. ఈసారి నెమ్మదిగా, ఒకదానికీ ఒకదానికీ మధ్య ఎడం పెట్టి. ముందు ఎద్దుల బండి ఏమీ లేదు, అయినా హారన్ కొట్టాను. ఆ తర్వాత బెల్లు లేదు.

టైమ్ కీపర్ గది దగ్గర ఆపేసరికి ఒక నిమిషం ముందే ఉన్నాం. "వచ్చేశావా గడియారం" అన్నాడు వాడు. నాకు సంతోషమేసింది. ఎంతసేపు? అర నిమిషం ఉంటుందేమో. జీవితంలో చాలా వెధవ పనులు చేశాను. వాటన్నిటికీ ఏదో ఒక సాకు ఉంది. ఆ అర నిమిషం సంతోషానికి లేదు.

రోజూ ఆమే దిగి స్లిప్పు మీద సంతకం పెట్టించుకొచ్చేది. ఆరోజు ఒక ముసలమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి స్లిప్పు నా చేతికిచ్చింది.

"మీ ఆవిడ కూచునుంది నాయనా. లేవదు."

అలిగిందనుకున్నాను. సంతకం నేనే పెట్టించుకుని బండి తీశాను.

ఫ్యాక్టరీ దగ్గర అంతా దిగారు. మగవాళ్ళు ముందు తలుపులోంచి ఎప్పటిలాగే తోసుకుంటూ దిగారు. ఆడవాళ్ళు దిగలేదు. ఏడెనిమిది మంది, ఒకరితో ఒకరికి పరిచయం లేనివాళ్ళు, చివరి సీటు చుట్టూ గోడలా నిలబడ్డారు. బస్సు ఖాళీ అయ్యాక ఒక్కొక్కరూ దిగారు. నా పక్కనుంచే దిగారు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ముసలమ్మ ఆఖర్న దిగింది. ఎక్కేటప్పుడు ఆమె భుజం మీద నూలు శాలువా ఉంది. దిగేటప్పుడు లేదు.

ఆ శాలువా మా ఆవిడ నడుం చుట్టూ ఉంది. ఆమె చివరి సీటు పక్కన నిలబడి ఉంది. సీటు మీది రెక్సిను తడిసి, అంచునుంచి కింద రేకు మీద చుక్కలు పడుతున్నాయి. కొద్దిగానే. పదకొండు రోజులుగా పగలంతా నీళ్ళు తాగని మనిషిలో ఎంతుంటుంది. దాని రంగు చూశాను. చిక్కటి టీ రంగు.

"బకెట్ ఇవ్వండి" అంది.

రేడియేటర్‌లో నీళ్ళు పోసే బకెట్ నా సీటు కింద ఉంటుంది. కుళాయి దగ్గర నింపుకొచ్చాను.

"నేను కడుగుతాను, నువ్వు దిగు" అన్నాను.

"నా సీటు నేను కడుక్కుంటాను. మీరు టైము చూసుకోండి, మళ్ళీ తియ్యాలి."

వెటకారం కాదు. గొంతులో ఏమీ లేదు. ఇంకో డ్రైవరుతో మాట్లాడినట్టు మాట్లాడింది. మోకాళ్ళ మీద కూర్చుని సీటు కడిగింది, కింద రేకు కడిగింది, గుడ్డతో తుడిచింది. తిరుగు ట్రిప్పులో ఆ శాలువాతోనే టికెట్లు కొట్టింది. ఒక్క బెల్లు, రెండు బెల్లులు. ఎక్కడా తప్పలేదు.

మర్నాడు డ్యూటీ మార్చమని రాసిచ్చింది. కారణం అన్నచోట సొంత కారణాలని రాసింది. గుమాస్తా ఆ కాగితం చదివి, "ఏమ్మా, కాపురం బండిలోంచి దిగిపోతున్నావా? మొగుడంటే విసుగేసిందా?" అన్నాడట. ఎక్కువ ఆపే బండి ఏది ఉంటే అది ఇవ్వమందట. సోమవారానికల్లా నత్త బండి మీద వేశారు. గడియారం పెళ్ళాం నత్త మీదెక్కి పోయిందని డిపో అంతా నెలరోజులు నవ్వుకుంది. నాకు కొత్త కండక్టరు వచ్చాడు. వాడు దారి పక్కన ఎక్కడ కావాలంటే అక్కడ నిలబడి కానిచ్చేవాడు. మేం ఎప్పుడూ లేటవ్వలేదు.

ఇంట్లో పైకి ఏమీ మారలేదు. వండేది, వడ్డించేది, యూనిఫాం ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టేది. అడిగినదానికి జవాబు చెప్పేది. తను మాత్రం నన్ను ఏదీ అడగడం మానేసింది. పై అరలో డబ్బా కావాలంటే స్టూలు వేసుకునేది, నేను పక్కనే ఉన్నా. గ్యాసు బండ తనే దొర్లించుకొచ్చేది. ఒకసారి మూత రాని సీసాతో పదినిమిషాలు కుస్తీ పట్టింది. "ఇటివ్వు" అని చెయ్యి చాచాను. "వచ్చేస్తోందిలెండి" అంది. రాలేదు. మళ్ళీ అరలో పెట్టేసింది.

వేసవి చివర్లో నత్త మళ్ళీ కుళాయి దగ్గరికొచ్చాడు.

"రేపు పొద్దున పెద్దాసుపత్రిలో అమ్మాయికి లోపల కెమెరా పెట్టి చూస్తారట. మత్తు ఇస్తారు కాబట్టి మొగుడి సంతకం కావాలన్నారు. నీకు చెప్పే ఉంటుందిలే."

"చెప్పింది" అన్నాను.

ఆయనకు తెలిసిపోయింది. "ఎనిమిదింటికల్లా వెళ్ళు. లేటవ్వకు" అని, బకెట్ తీసుకుని వెళ్ళిపోయాడు.

నన్ను చూసి మా ఆవిడ ఆశ్చర్యపోలేదు. సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపించింది. లోపలికి తీసుకెళ్ళి గంట తర్వాత బయటికి తెచ్చారు. డాక్టరమ్మ చిన్న పిల్ల, మా పెళ్ళినాటికి పలకా బలపం పట్టి ఉంటుంది. కంప్యూటర్లో బొమ్మ చూపించింది.

"ఇదిగో, ఎర్రగా చుక్కలు కనబడుతున్నాయి చూడండి. లోపలి పొర దెబ్బతిని రక్తం చిమ్మిన చోట్లు. ఇది పురుగు వల్ల వచ్చే జబ్బు కాదు. అందుకే పురుగు కోసం చేసిన పరీక్షకి దొరకలేదు. పరీక్షకు దొరకలేదని నొప్పి లేనట్టు కాదు. ఎన్నాళ్ళుగా ఓర్చుకుంటున్నారో ఈవిడ."

"తగ్గుతుందాండీ?" అన్నాను.

"పూర్తిగా పోతుందని చెప్పను. అదుపులో పెట్టుకోవచ్చు. మందులిస్తాను. పులుపు, టీ, కారం తగ్గించాలి. వచ్చినప్పుడు బిగబట్టకూడదు. నీళ్ళు అసలు మానకూడదు. నీళ్ళు తగ్గిస్తే అది చిక్కబడుతుంది, పుండు మీద కారం రాసినట్టుంటుంది." కాగితాలు తిరగేసి ఆగింది. మా ఆవిడ మంచం వైపు తిరిగింది. "ఇక్కడ చూస్తే మీరు పగలంతా నీళ్ళు మానేశానని రాయించారు. మానెయ్యమని ఎవరు చెప్పారమ్మా?"

నేను గోడకానుకుని నిలబడ్డాను. ఆమె ఇంకా మత్తులోనే ఉంది. కళ్ళు సగం తెరిచి డాక్టరమ్మనే చూసింది.

"ఎవరూ చెప్పలేదండీ. నేనే మానేశాను."

నా పరువు కాపాడిందనుకున్నాను. ఇంకా నామీద ఏదో మిగిలుందనుకున్నాను. ఇంటికొచ్చి, ఆమె కుదుటపడ్డాక, ఉండబట్టలేక అడిగాను.

"డాక్టరమ్మకి అలా ఎందుకు చెప్పావు?"

ఆమె మందుబిళ్ళలు రోజువారీగా విడగొట్టుకుంటోంది. తలెత్తలేదు.

"మీ పేరు చెప్తే ఆవిడ మిమ్మల్ని తిడుతుంది. మీరు బాధపడతారు. తర్వాత మిమ్మల్ని నేను ఓదార్చాలి. నాకంత ఓపిక లేదండీ."

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె నన్ను తిట్టింది అదొక్కటే. అది తిట్టు అని ఆమెకు తెలియదు.

ఆ వారం నా సెలవురోజు నేను నత్త బండెక్కాను. వెనక సీట్లో, కిటికీ పక్కన కూర్చున్నాను. ఆమె ముందునుంచి టికెట్లు కొట్టుకుంటూ వచ్చింది. చేతిలో నీళ్ళ సీసా లేదు గానీ, డ్రైవరు పక్కన పెద్ద మూత సీసా తాడుతో కట్టి ఉంది. రెండు మూడు సీట్లకోసారి ముందుకెళ్ళి ఒక గుక్క తాగొచ్చేది. నా దగ్గరికొచ్చి ఆగింది.

"ఎక్కడిదాకా?"

"నువ్వెక్కడిదాకా అయితే అక్కడిదాకా" అన్నాను. ఇంట్లో చాలాసార్లు అనుకుని వచ్చిన మాట అది.

"ఇది డ్యూటీ అండీ. స్టేజీ చెప్పండి."

చెప్పాను. ముందుకెళ్ళిపోయింది.

ముప్పావుగంట తర్వాత, బెల్లు ఏమీ లేకుండానే, రోడ్డు పక్కన ఒక ఇంటి ముందు బండి ఆగింది. నత్త దిగాడు. వెనక చక్రం దగ్గరికొచ్చి వంగి చూశాడు, బూటుతో తన్నాడు. ఇంకో చక్రం దగ్గరికెళ్ళాడు. అదీ తన్నాడు. నా పక్కన కూర్చున్నతను నిట్టూర్చి నాతో అన్నాడు.

"ఈ ముసలాయనకి టైర్ల పిచ్చండీ. దార్లో మూడుసార్లు దిగి తన్నకపోతే బండి కదలదు. తిడితే నవ్వుతాడు. చాదస్తం."

"ఓ పెద్దాయనా, టైర్లేమైనా పారిపోతాయా?" అని ముందునుంచి ఎవరో అరిచారు.

"పారిపోతే నాతో చెప్పకుండా పోవులే" అన్నాడు నత్త కిందినుంచి. అంతా నవ్వారు. ఆయన్ని చూసి నవ్వారు. ఆ ఇంటి తలుపు తీసే ఉంది. మా ఆవిడ లోపలికి వెళ్ళి, తీరిగ్గా చీరె కుచ్చిళ్ళు సర్దుకుంటూ వచ్చింది. ఆమెను ఒక్కరూ చూడలేదు. ఆయన ఇంకో చక్రం తన్ని, చేతులు దులుపుకుని ఎక్కాడు. ఆమెవైపు కూడా చూడలేదు. ఆమె రెండు బెల్లులు కొట్టింది.

నేను చెప్పిన స్టేజీలో దిగిపోయాను. బస్సు వెళ్ళాక అక్కడే చాలాసేపు నిలబడ్డాను. ఆ స్టేజీలో నాకు పనేమీ లేదు.

బట్టల కొట్టాయన్ని నేను క్షమించలేదు. డిపో డాక్టరునీ క్షమించలేదు. అందరికంటే నత్తని క్షమించలేదు. ఆయన పోయినప్పుడు డిపో అంతా వెళ్ళింది, నేను వెళ్ళలేదు. బండి ఆపడం ఎంత తేలికైన పనో చూపించినందుకు.

ఆ తర్వాత ఆమె పదకొండేళ్ళు బతికింది. మందులతో కొంత తగ్గింది, కొన్ని నెలలు నొప్పి ఉండేది, కొన్ని నెలలు ఉండేది కాదు. ఉన్నప్పుడు ఆమె చెప్పలేదు, లేనప్పుడూ చెప్పలేదు. క్షమించమని నేను అడగలేదు. క్షమించదని కాదు. సరేలెండి అనేసి, చేతిలో పని చేసుకుంటుందని.

పోయింది ఆ జబ్బుతో కాదు, గుండెతో. ఆఖరి వారం ఆసుపత్రి మంచం దిగనివ్వలేదు. నేను రాత్రీ పగలూ పక్కనే కుర్చీలో ఉన్నాను. పోయే ముందురోజు పొద్దున ఆమె కదలడం, కాళ్ళు దగ్గరికి ముడుచుకోవడం చూశాను. ఆ కదలిక నాకు తెలుసు. మంచం కింద పెట్టిన రేకు పాత్ర కోసం వంగాను.

"వద్దండీ" అంది. "నర్సమ్మ వస్తుంది."

"నేనున్నాను కదా."

"వస్తుందిలెండి."

కళ్ళు మూసుకుని, పిడికిలితో దుప్పటి పట్టుకుంది. నర్సు పక్క వార్డులో ఉంది. రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆమె ఆ ఇరవై నిమిషాలూ బిగబట్టుకుని ఆగింది.